నవ్వించే బొమ్మల పుస్తకాలు: 'ఎందుకు', 'అందుకే' నేర్పడానికి ఏ రకం ఎవరికి నప్పుతుంది?

మా అమ్మాయికి మూడేళ్ళు నిండిన కొత్తలో రోజూ రాత్రి ఒకే పుస్తకం పట్టుకొచ్చేది. కిటికీ గూట్లో పిల్లి కునుకు తీస్తుంటుంది. దాని తోక పూలకుండీకి తగులుతుంది. కుండీ వెళ్ళి కింద ఉన్న నీళ్ళ బకెట్లో పడుతుంది. నీళ్ళు ఎగిరి కుక్క మీద పడతాయి. కుక్క ఒళ్ళు విదిలించుకునేసరికి ఆరేసిన దుప్పట్లన్నీ బురద చుక్కలే. పిల్ల పడి పడి నవ్వేది. ఒకరోజు అడిగాను, "కుక్క ఎందుకు తడిసింది?" అని. "నీళ్ళు పడ్డాయి" అంది. "నీళ్ళెందుకు పడ్డాయి?" కాసేపు ఆలోచించి, చాలా ధీమాగా, "కుక్క తడవాలని" అంది.

కథ మొత్తం కంఠతా వచ్చిన పిల్ల చెప్పిన జవాబు అది. మర్నాడు పగలు ఆ పుస్తకాన్ని నేనొక్కదాన్నే కూర్చుని చూశాను. తోక కుండీకి తగిలే బొమ్మ పేజీ మూలన బొటనవేలంత ఉంది. తడిసిన కుక్క మొహం మాత్రం రెండు పేజీల నిండా ఉంది. పాప ఇన్నాళ్ళూ నవ్వింది ఆ మొహాన్ని చూసి. తోక వైపు దాని చూపే పోలేదు.

అప్పటినుంచి నవ్వించే బొమ్మల పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు నేను చూసేది ఒక్కటే: నవ్వు ఎక్కడ పుడుతోంది? ఒక పని ఇంకోదానికి దారితీసే ఆ అతుకు దగ్గరే నవ్వొస్తే, పిల్లలు కారణాన్ని నవ్వుతూనే పట్టేస్తారు. నవ్వు ఇంకెక్కడో ఉంటే అది సరదా పుస్తకం అవుతుంది. అదీ కావలసిందే, కానీ ఈ పనికి మాత్రం అక్కరకు రాదు.

## అసలు నవ్వించే పుస్తకమే ఎందుకు?

అనుకున్నది అనుకున్నట్టు జరిగితే ఎవరికీ 'ఎందుకు' అన్న మాట గుర్తుకు రాదు. జరగకపోతేనే వస్తుంది. ఇది పసిపిల్లల్లోనూ కనిపిస్తుంది. ఏమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 11 నెలల పిల్లలకు కొన్ని వింతలు చూపించారు. ఆ ఫలితాలు 2015లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఒక వస్తువు గోడలోంచి దూరి వచ్చినట్టు చూసిన పిల్లలు, దాన్ని చేతికివ్వగానే బల్లకేసి కొట్టి చూశారు. అంచు దాటినా పడకుండా గాల్లో నిలిచినట్టు చూసిన పిల్లలు దాన్ని కింద పడేసి చూశారు. ఏ వింత చూస్తే దానికి తగిన పరీక్ష! ఇంకా మాటలే రాని పిల్లలు.

హాస్యంలోనూ ఉన్నది ఆ చిన్న కుదుపే. 2016లో వచ్చిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో, దూరంగా ఉన్న బొమ్మను ఒక పనిముట్టుతో దగ్గరికి లాక్కోవడం 18 నెలల పిల్లలకు చూపించారు. కొందరికి మామూలుగా చూపించారు. కొందరికి బొమ్మ చేతికి రాగానే నేలమీదికి విసిరేసి నవ్వించారు. ఆ చేష్టకు నవ్విన పిల్లల్లో ఎక్కువమంది ఆ పని నేర్చుకున్నారు. ఇట్టే నవ్వే పిల్లలు మామూలుగానే చురుగ్గా ఉండొచ్చు కాబట్టి, నవ్వే నేర్పించిందని ఖాయంగా చెప్పలేం. అయినా నవ్వు చదువుకు అడ్డమన్న భయం అక్కర్లేదని మాత్రం తెలుస్తోంది.

## ఎంచుకునేముందు చూడాల్సినవి

మొదటిది పైన చెప్పిందే, నవ్వు అతుకు మీద ఉందా అన్నది. మిగతావి దానికి తోడు.

కారణం కంటికి కనిపిస్తోందా? చిన్నపిల్లలు మాటలకంటే ముందు బొమ్మ చదువుతారు. 'గాలి వీచింది' అని రాసి, బొమ్మలో గాలి జాడే లేకపోతే పిల్లలకు టోపీ దానంతటదే ఎగిరినట్టే లెక్క. చెట్ల కొమ్మలు ఒంగాలి, జుట్టు చెదరాలి. కారణం బొమ్మలో పెద్దగా, ఫలితానికి కాస్త దగ్గరగా ఉండాలి.

గొలుసులో ఎన్ని లింకులు? రెండేళ్ళ పిల్లలకు ఒకటి. మూడేళ్ళకు రెండు మూడు. అయిదేళ్ళు వచ్చాక ఆరేడు లింకులైనా మోయగలరు. ఇది నా అనుభవంలో తేలిన లెక్క, మీ ఇంట్లో ఒకటి అటూ ఇటూ కావచ్చు.

నియమం నిజమైనదా, పుస్తకంలో మాత్రమే చెల్లేదా? నీళ్ళు పల్లానికి పోతాయి అన్నది బయట కూడా చెల్లుతుంది. తుమ్మితే గోడ రంగు మారుతుంది అన్నది చెల్లదు. రెండో రకం తప్పేమీ కాదు. కానీ ఏది ఏదో తెలిసి కొనాలి.

పేజీ తిప్పేముందు ఆగే చోటు ఉందా? కారణం కుడి పేజీ చివర, ఫలితం పేజీ తిప్పాక ఉంటే ఆ మధ్య రెండు క్షణాలు బంగారం. "ఇప్పుడేమవుతుంది?" అని అడగడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. కారణం, ఫలితం రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే పిల్లల కళ్ళు ఫలితం మీదికి ముందే ఉరుకుతాయి.

ఇంకో చిన్న విషయం. పుస్తకం ఇరవై సార్లు చదివినా విసుగు రాకుండా ఉండాలి, ఎందుకంటే చదవాల్సి వస్తుంది. అదీ మంచికే. మూడేళ్ళ పిల్లలకు వేరువేరు కథలకన్నా ఒకే కథ మళ్ళీ మళ్ళీ చదివితే అందులోని కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయని 2011లో జెస్సికా హోర్స్ట్ బృందం చూపించింది. కార్యకారణం సంగతీ అంతేనని నా నమ్మకం. మొదటిసారి పిల్లలు కథ ఏమవుతుందా అని చూస్తారు. అయిదోసారికి గానీ ఎలా అయిందన్న దాని మీదికి మనసు పోదు.

## ఒక్క చూపులో

| రకం | వయసు | నవ్వు ఎక్కడ | ఏది బాగా నేర్పుతుంది | చిక్కు |
|---|---|---|---|---|
| మళ్ళీ అదే పొరపాటు | 2–4 | మళ్ళీ బోల్తా పడ్డప్పుడు | ఒక కారణం, ఒక ఫలితం | పెద్దపిల్లలకు త్వరగా విసుగు |
| గొలుసు కథలు | 3–6 | చిన్నది పెద్దదైనప్పుడు | ఫలితమే మళ్ళీ కారణం కావడం | మధ్యలో లింకు తెగిపోవచ్చు |
| వెనక్కి నడిచే కథలు | 4–7 | అసలు కారణం బయటపడ్డప్పుడు | ఫలితం నుంచి కారణం వెతకడం | చిన్నపిల్లలు దారి తప్పుతారు |
| మాటల్లేని పుస్తకాలు | 3–7 | పాఠకుడికి తెలిసి పాత్రకు తెలియనప్పుడు | పిల్లలే కారణం చెప్పడం | పెద్దలు పక్కన కూర్చోవాలి |
| వింత లోకం కథలు | 4–7 | వింత నియమం పనిచేసినప్పుడు | 'ఇలా అయితే?' అని ఊహించడం | బయట లోకానికి పనికిరాని నియమం |
| తిక్క కుదిరే కథలు | 5+ | అల్లరికి ఫలితం తగిలినప్పుడు | నా పనికి నాదే ఫలితం | శిక్షను ఫలితం అనుకోవడం |

## మళ్ళీ అదే పొరపాటు చేసే పాత్రలు

రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఒక్కటే కొనాలంటే నేను ఈ రకమే కొంటాను. ఒక ఎలుగుబంటి స్నానానికి దిగి సబ్బు గట్టిగా పిసుకుతుంది. సబ్బు జారి ఎగిరిపోతుంది. ఇంకా గట్టిగా పిసుకుతుంది, ఇంకా దూరం పోతుంది. పళ్ళు బిగించి రెండు చేతులా పట్టుకుంటుంది, ఈసారి సబ్బు వెళ్ళి లైటుకు తగులుతుంది. చివరికి అలసిపోయి చెయ్యి వదులు చేస్తే సబ్బు అరచేతిలో బుద్ధిగా కూర్చుంటుంది.

ఇందులో నవ్వు ఎక్కడుందో చూడండి. సరిగ్గా పిసకడానికీ ఎగరడానికీ మధ్య ఉంది. పిల్లలకు రెండో సారికే సంగతి అర్థమైపోతుంది, ఎలుగుబంటికి మాత్రం కాదు. "గట్టిగా పట్టుకోకు!" అని పుస్తకం మీద అరుస్తారు. అలా అరిచారంటే కారణం చేతికి చిక్కినట్టే.

ఇంకో లాభం, పుస్తకం మూశాక బాత్‌రూమ్‌లో అదే చేసి చూడొచ్చు. మా పిల్ల సబ్బు పిసికి, అది జారి బకెట్ వెనక్కి పోతే, "గట్టిగా... పోయింది" అంది. మళ్ళీ తీసి అరచేతి మీద ఊరికే పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, "మెల్లగా... ఉంది" అంది. ఆరోజు తల తడవకుండానే స్నానం అయిపోయింది, కానీ నాకు ఏ పుస్తకమూ అంత తృప్తినివ్వలేదు.

ఈ రకంలో చూడాల్సింది ఒకటే. ప్రతిసారీ ఒక్క విషయమే మారాలి. పాత్ర ఒకేసారి టోపీ, చోటు, పని అన్నీ మార్చేస్తే ఏది మారబట్టి ఫలితం మారిందో పిల్లలకు తేలదు.

## గొలుసు కథలు

తోక, కుండీ, బకెట్, కుక్క. ఈ పనికి అందరూ ముందు తలుచుకునేది ఈ రకాన్నే, అందులో న్యాయం ఉంది. ఒకదాని ఫలితం ఇంకోదానికి కారణం అవుతుందన్న సంగతి ఇంత సూటిగా వేరే ఏ రకమూ చూపించదు. చిన్న తోక ఊపు అంత పెద్ద రభస కావడమే ఇందులో హాస్యం.

కానీ ఈ రకంలోనే కల్తీ ఎక్కువ. రచయితకు నవ్వు కావాలి, లింకు కుదరదు, అప్పుడు ఒక మాట వాడతారు: 'అంతలో'. అంతలో ఒక ఏనుగు వచ్చింది. అప్పుడే ఉరుము ఉరిమింది. ఇంతలో ఎక్కడినుంచో ఒక బంతి దొర్లుకుంటూ వచ్చింది. ప్రతి 'అంతలో' దగ్గరా గొలుసు తెగింది. ఒకటి ఉంటే ఫరవాలేదు, కథ మొదలవ్వాలి కదా. మూడు నాలుగు ఉంటే అది వరుసగా జరిగిన సంగతుల కథే తప్ప, ఒకదానివల్ల ఒకటి జరిగిన కథ కాదు. పుస్తకం కొనేముందు 'అంతలో', 'ఇంతలో', 'అప్పుడే', 'ఉన్నట్టుండి' ఎన్నున్నాయో లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.

ఇప్పటికే ఇలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. తెగిన చోట ఆగి, "ఏనుగు ఎందుకొచ్చి ఉంటుంది?" అని పిల్లలనే అడగండి. కుక్క మొరుగుడికి వచ్చిందనో, దుప్పటి తనదనుకుని వచ్చిందనో వాళ్ళే అతుకు వేస్తారు. కొన్నిసార్లు వాళ్ళ అతుకు రచయిత కథకంటే బాగుంటుంది.

## వెనక్కి నడిచే కథలు

ఇవి చిందరవందర దగ్గర మొదలవుతాయి. మొదటి పేజీలో ఇల్లంతా సబ్బు నురగ, కోడి నెత్తిన చెప్పు, తాతగారు కుర్చీతో సహా అటక మీద. ఏం జరిగింది? అక్కడినుంచి ఒక్కో పేజీ వెనక్కి.

మనకు ఈ నడక కొత్తేమీ కాదు. ఏడు చేపల కథ మొత్తం ఇదే. ఎండని చేప దగ్గర మొదలై, అడిగినవాళ్ళందరూ ఇంకొకరి పేరు చెబుతూ, చీమ దాకా వెళ్ళి ఆగుతుంది. ప్రతివాళ్ళూ తప్పు పక్కవాళ్ళ మీదికి తోసేయడమే అక్కడ నవ్వు, అదే లంకె కూడా. నవ్వు, అతుకు ఒకే చోట ఉండడమంటే ఏమిటో చెప్పడానికి నాకు అంతకన్నా చక్కటి ఉదాహరణ తట్టదు.

ముందుకు నడిచే గొలుసుకన్నా ఇది కష్టం. పిల్లలు కథ జరిగిన క్రమం ఒకటి, చెప్పే క్రమం ఒకటి మనసులో పెట్టుకోవాలి. మూడేళ్ళ పిల్లలకు కారణం ముందు వస్తుంది, ఫలితం తర్వాత అన్నది తెలియక కాదు. 1979లో మెరీ బుల్లక్, రోషెల్ గెల్మన్ చేసిన ప్రయోగంలో పెట్టెలోంచి బొమ్మ ఎగిరి బయటికి రావడానికి కారణం, ముందు జరిగిన పనే అని మూడేళ్ళ పిల్లల్లోనూ ఎక్కువమంది చూపించారు. వేలు పెట్టి చూపించగలరు కానీ, మాటల్లో వివరించడం ఆ వయసులో ఇంకా కుదరదు. కాబట్టి మూడేళ్ళకు ఈ పుస్తకం తెచ్చి "చెప్పు, ఎందుకు?" అని పీకల మీద కూర్చోవద్దు. నాలుగు దాటాక తెస్తే, గూఢచారి ఆటలా భలేగా ఆడతారు.

## మాటల్లేని పుస్తకాలు

వీటిలో నవ్వు ఎక్కువగా ఒకే సూత్రం మీద నడుస్తుంది. మనకు కనిపిస్తున్నది పాత్రకు కనిపించదు. నాన్న చదువుకుంటూ నడుస్తుంటాడు, ముందు అరటితొక్క ఉంటుంది. పిల్లలు ఫలితాన్ని ముందే చూసేసి చెవులు మూసుకుంటారు.

రాసి ఉన్న వాక్యం లేదు కాబట్టి కారణం పిల్లలే చెప్పాలి. అందుకే మాటలు నేర్చుకుంటున్న పిల్లలకు ఇవి వరం. ఇంట్లో రెండు భాషలుంటే ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. చదవడం రాని పెద్దవాళ్ళు కూడా నామోషీ లేకుండా పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పొచ్చు. ఒక్కటే ఇబ్బంది, పిల్లలను పుస్తకంతో వదిలేసి పనికి వెళ్ళిపోతే పేజీలు గబగబా తిప్పేసి అవతల పెడతారు.

## వింత లోకం కథలు

తుమ్మినప్పుడల్లా ఇంట్లో వస్తువుల రంగు మారిపోయే అబ్బాయి. మెల్లగా మాట్లాడితే పొట్టిగా, అరిస్తే పొడుగ్గా అయ్యే ఒంటె. ఇలాంటివాటిని 'ఇందులో నేర్చుకునేదేముంది' అని పక్కన పెట్టేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. నియమం వింతదైనా పుస్తకం మొదటినుంచి చివరిదాకా దానికి కట్టుబడి ఉంటే, పిల్లలు కచ్చితంగా కార్యకారణమే సాధన చేస్తున్నారు. "ఒంటెకు గుడారంలో దూరాలని ఉంది, ఏం చెయ్యాలి?" అంటే "గుసగుసలాడాలి!" అనే జవాబు రావాలి. అది తర్కమే కదా.

కట్టుబడనివి మాత్రం వద్దు. ఏడో పేజీలో ఒంటె అరిచినా పొట్టిగానే ఉండిపోతే, నవ్వు మిగిలి తర్కం పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కథలోని లోకం మన లోకానికి దగ్గరగా ఉంటే, అందులో నేర్చుకున్న కారణాన్ని పిల్లలు బయట ఎక్కువగా వాడతారనీ, వయసు పెరిగేకొద్దీ ఈ విచక్షణ బలపడుతుందనీ 2015లో కేరెన్ వాకర్, ఆలిసన్ గోప్నిక్, పాట్రిషియా గానియా చూపించారు. అంటే ఆలోచించే పద్ధతి నేర్పడానికి వింత లోకం బాగుంటుంది. నీళ్ళు, నిప్పు, బరువు, జారుడు లాంటి నిజమైన సంగతులు నేర్పడానికి మామూలు లోకం కథే కావాలి. జంతువులు బట్టలు కట్టుకుని మాట్లాడే పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది. సబ్బు జారడం నేర్పడానికి ఎలుగుబంటి అడ్డు కాదు, ఎందుకంటే అక్కడ నియమం సబ్బుది. ఎలుగుబంట్ల గురించే నేర్పాలనుకుంటే అప్పుడు అడ్డు.

## తిక్క కుదిరే కథలు

పిల్లాడు చెప్పిన మాట వినడు, చివర్లో ఏదో జరిగి తిక్క కుదురుతుంది. బహుమతిగా ఎక్కువ వచ్చేవీ, పెద్దవాళ్ళకు ఎక్కువ నచ్చేవీ ఇవే. ఇక్కడే నేను ఎక్కువ జాగ్రత్త చెబుతాను.

బూటు లేసు కట్టుకోని పిల్లాడు ఆ లేసు తొక్కి బోర్లా పడితే అది ఫలితం. అబద్ధం ఆడిన పిల్లాడి నెత్తిన పూలకుండీ పడితే అది ఫలితం కాదు, పెద్దల కోపం. చిన్నపిల్లలకు ఈ తేడా తెలియదు. పిల్లల ఆలోచనా తీరును పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే 1932 నాటి తన పుస్తకంలో ఒక ప్రయోగం రాశాడు. యాపిల్ పళ్ళు దొంగిలించి పారిపోతున్న పిల్లాడు పుచ్చిపోయిన వంతెన విరిగి నీళ్ళలో పడతాడు. దొంగతనం చేయకపోయి ఉంటే పడేవాడా అని అడిగితే, పడేవాడు కాదని చిన్నపిల్లల్లో ఎక్కువమంది చెప్పారు. పుచ్చిన చెక్క సంగతి పక్కకు పోయింది. ఇలా ఆలోచించే వయసులో కుండీ నెత్తిన పడే కథలు చదివితే ఆ పొరపాటును మనమే గట్టిపరిచినట్టవుతుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ 'నేనేం తప్పు చేశాను' అని బెంగపడే పిల్లలున్నారు. వాళ్ళకు ఈ కథలు అసలే వద్దు.

తప్పు పనికీ ఫలితానికీ మధ్య కంటికి కనిపించే దారి ఉన్న పుస్తకాలైతే, అయిదేళ్ళ తర్వాత, ఇవి ఒక అరుదైన పని చేస్తాయి: కారణంలో తన వాటా ఒప్పుకోవడం. మన భాషలో దీనికి చక్కటి జంటలున్నాయి. గ్లాసు పడిపోయింది, గ్లాసు పడేశాను. పెన్సిల్ విరిగింది, పెన్సిల్ విరగ్గొట్టాను. పాలు ఒలికాయి, పాలు ఒలకబోశాను. ఇంట్లో ఏది జరిగినా పిల్లలు మొదటి మాటే వాడతారు. పుస్తకంలోని తుంటరి కోతి గురించి, "విరిగిందా, విరగ్గొట్టిందా?" అని అడిగితే నవ్వుతూ రెండోది చెబుతారు. తప్పు కోతిది కాబట్టి భయం లేదు.

మడతలు తెరిచేవీ, పేజీ విప్పగానే బొమ్మ లేచి నిలబడేవీ ఈ పోలికలోకి తేలేదు. లాగితే తెరుచుకోవడం కూడా కార్యకారణమేనని ఏడాది పిల్లలకు కొంటే బాగానే ఉంటుంది. కథలోని కారణం నేర్పడానికి మాత్రం అవి అడ్డమే. లేచి నిలబడే బొమ్మలున్న పుస్తకంలోంచి చిన్నపిల్లలు కొత్త సంగతులు తక్కువగా నేర్చుకున్నారని 2010లో ఒక పరిశోధనలో తేలింది. చెయ్యి ఆటలో పడితే మనసు కథలో ఉండదు.

## చదివేటప్పుడు తెలుగుతో ఒక చిక్కు

మనం "కుండీ పడి పగిలింది" అంటాం. "స్నానం చేసి పడుకున్నాడు" అనీ అంటాం. మొదటిదాంట్లో 'పడి' కారణం. రెండోదాంట్లో 'చేసి' ఊరికే ముందు జరిగిన పని. రూపం ఒకటే. పెద్దవాళ్ళకు తేడా చెప్పకుండానే తెలుస్తుంది. మూడేళ్ళ పిల్లలకు రెండూ 'తర్వాత' లాగే వినిపించే వీలుంది. పుస్తకంలో అలా రాసి ఉన్నా, చదివేటప్పుడు కాస్త విప్పి చదవండి. "కుండీ పడింది. పడింది కాబట్టి పగిలింది." ఇంకోరోజు, "పడితే ఏమవుతుంది?" బాగా అలవాటయ్యాక, "పడకపోతే పగిలేదా?"

ఆ చివరి ప్రశ్నే అసలు పరీక్ష. దాన్ని మాటల్లో అడిగితే పిల్లలు తడబడతారు, చేత్తో అడగొచ్చు. పిల్లి తోక మీద నా అరచెయ్యి పెట్టి మూసి, "తోక లేదు. ఇప్పుడేమవుతుంది?" అన్నాను. పిల్ల కుండీని చూసింది. పేజీ తిప్పి బకెట్‌ను చూసింది. ఇంకో పేజీ తిప్పి కుక్క మొహాన్ని తన చేత్తో మూసేసింది. "తడవలేదు" అంది. 'కుక్క తడవాలని' అన్న రోజుకూ దీనికీ మధ్య నాలుగు నెలలు పట్టింది.

## మీ పరిస్థితిని బట్టి

ఇంట్లో రెండేళ్ళ పాప, అయిదేళ్ళ అన్న ఉంటే గొలుసు కథ తీసుకోండి. పాపకు ఒక్క లింకు చాలు, అన్నకు మొత్తం. అన్నతో వెనక నుంచి ముందుకు చెప్పించండి, వాడికి విసుగు రాదు.

క్లాసులో ఇరవై పాతికమంది ముందు చదివే టీచర్లకు 'మళ్ళీ అదే పొరపాటు' రకం, గొలుసు రకం పనికొస్తాయి. అందరూ కలిసి అరవడానికి వీలుంటుంది. మాటల్లేని పుస్తకం అంతమందికి కనిపించదు, దాన్ని నలుగురైదుగురి గుంపుకు దాచుకోండి. గొలుసు కథ చదివాక ఒక్కో పేజీ బొమ్మ గీయించి, కాగితాలు కలిపేసి, మళ్ళీ వరుసలో పెట్టమంటే ఎవరికి అర్థమైందో, ఎవరు పక్కవాళ్ళను చూసి నవ్వారో తేలిపోతుంది.

మీ పిల్లలు నవ్వరా? కొంతమంది అంతే, చాలా సీరియస్‌గా వింటారు. టెన్షన్ పడకండి. వాళ్ళకు వెనక్కి నడిచే కథలు నచ్చుతాయి, చిక్కుముడి విప్పడంలో ఉన్న ఆనందం వాళ్ళకు చాలు. ఎవరైనా పడితే, దెబ్బ తగిలితే నవ్వకుండా కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్లలకు మాత్రం మనుషులు, జంతువులు పడే కథలు కాకుండా వస్తువులు దొర్లే, ఎగిరే, ఒలికే కథలు వెతకండి.

మాటలతో తిరకాసు పెట్టి నవ్వించే పుస్తకాలను ఏడేళ్ళ దాకా ఈ పనికి వాడకపోవడమే మంచిది. ఒక మాటకు రెండర్థాలున్న హాస్యం పిల్లలకు ఆ వయసు ప్రాంతంలో గానీ అందదని, హాస్యం ఎదిగే దశలను పరిశీలించిన పాల్ మెక్‌ఘీ 1979లోనే రాశాడు. అప్పటిదాకా వాళ్ళు మనం నవ్వామని నవ్వుతారు.

డబ్బు రెండు పుస్తకాలకే ఉంటే, నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఒకటి 'మళ్ళీ అదే పొరపాటు', ఒకటి మూడు లింకులు దాటని గొలుసు. నాలుగు దాటితే ఒకటి వెనక్కి నడిచేది, ఒకటి మాటల్లేనిది. షాపులోనో లైబ్రరీలోనో పుస్తకం మధ్యలో తెరిచి, ఏదైనా ఒక ఫలితం ఉన్న బొమ్మ మీద వేలు పెట్టండి. ముందు పేజీకి వెళ్ళి దాని కారణాన్ని, ఒక్క అక్షరం కూడా చదవకుండా, వేలితో చూపించగలిగితే తీసుకోండి. వెతుక్కోవాల్సి వస్తే మళ్ళీ అరలో పెట్టేయండి.